పావుకు పావు కలిస్తే

అనకాపల్లి జిల్లాలో చోడవరానికి, నర్సీపట్నానికి నడుమ ఉన్న మండల కేంద్రం రావికమతం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ ఊరి పేరులోనే కమతం అన్న మాట ఉంది. కమతమంటే ఒక కుటుంబం సేద్యం చేసుకునే భూమి. వరి, చెరకు పండే ఆ ప్రాంతంలో ధాన్యాన్ని కొలవడం, బెల్లాన్ని తూచడం, భూమిని పంచుకోవడం తరతరాలుగా సాగుతున్న పనులు. పంపకం ఉన్నచోట భిన్నం ఉండక తప్పదు. అటువంటి ఊరిలో పదేళ్ల బాలికను అంగడికి పంపి పావుకిలో వంకాయలు, పావుకిలో బెండకాయలు తెమ్మంటే, సంచిలోని కూరగాయల బరువు అరకిలో అని ఆమె తడుముకోకుండా చెప్పగలదు. అదే బాలిక చేతికి సుద్దముక్క ఇచ్చి, నల్లబల్ల మీద 1/4కు 1/4 కలపమన్నప్పుడు, ఒకటీ ఒకటీ రెండు, నాలుగూ నాలుగూ ఎనిమిది అనుకుంటూ 2/8 అని రాస్తే ఆశ్చర్యపడవలసిన పని లేదు. ప్రాథమిక పాఠశాలలో గణితం చెప్పిన ఉపాధ్యాయులకు ఆ జవాబు చిరపరిచితమే. ఎనిమిదింట రెండు అంటే మళ్లీ పావే. సంచిలో అరకిలో ఉన్న సరుకు నల్లబల్ల దగ్గరకు వచ్చేసరికి పావుకిలో అయిపోయింది.

ఈ వైరుధ్యానికి కారణమేమిటి? బాలిక మందబుద్ధి అని తేల్చివేయడం సులభం. కాని మందబుద్ధికి అంగడి లెక్క కూడా రాకూడదు. అక్కడ వచ్చినది ఇక్కడ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానాన్ని బాలిక బుద్ధిలో కాక, భిన్నాన్ని ఆమెకు పరిచయం చేసిన పద్ధతిలో వెదకాలి. అంగడిలో పావు ఒక వస్తువు. దానికి పేరుంది, బరువుంది, ధర ఉంది. నల్లబల్ల మీద అది వస్తువు కాదు. నడుమ గీత గీసి ఒకదానిపై ఒకటి నిలబెట్టిన రెండు అంకెలు. రెండు అంకెలు కనబడినప్పుడు రెండింటినీ కూడటం పిల్లలకు సహజం. అది అవివేకం కాదు. తమకు వచ్చిన కూడికను వారు అక్కడ నమ్మకంగా ప్రయోగిస్తున్నారు.

ఈ చిక్కు ఒక్క తెలుగుదేశానిదే కాదు. అమెరికాలో 1978లో జరిగిన జాతీయ స్థాయి పరిశీలనలో 13 ఏళ్ల విద్యార్థులను 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత అవుతుందని అడిగారు. 1, 2, 19, 21 అన్న నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచుకోవాలి. రెండు భిన్నాలూ ఒకటికి అతి సమీపంలో ఉన్నవే కనుక మొత్తం రెండుకు దగ్గరగా ఉంటుంది. లెక్క వేయనక్కరలేదు, చూస్తే చాలు. అయినా 24 శాతం మంది మాత్రమే రెండు అని గుర్తించారు. సగానికి పైగా విద్యార్థులు 19 అనో 21 అనో చెప్పారు. పన్నెండూ ఏడూ కలిస్తే పంతొమ్మిది. పదమూడూ ఎనిమిదీ కలిస్తే ఇరవై ఒకటి. వారి కళ్లకు భిన్నం కనబడలేదు, నాలుగు అంకెలు కనబడ్డాయి.

పిల్లల పొరపాటు వెనుక బడికే చెందిన మరొక కారణం ఉంది. దానిని సాధారణంగా ఎవరూ ప్రస్తావించరు. ఒక విద్యార్థికి మొదటి పరీక్షలో 25కు 18, రెండవ పరీక్షలో 25కు 20 మార్కులు వచ్చాయనుకుందాం. మార్కుల పట్టికలో వాటిని 18/25, 20/25 అని రాస్తారు. రెండూ కలిపినప్పుడు 38/50 అని రాస్తారు. ఇక్కడ పై అంకెలనూ కలిపారు, కింది అంకెలనూ కలిపారు. అది తప్పు కాదు. మరుసటి గంటలో గణితోపాధ్యాయుడు వచ్చి 18/25కు 20/25 కలిపితే 38/25 అనాలి, కింది అంకెను ముట్టుకోరాదు అంటాడు. ఒకే బడి, ఒకే బల్ల, ఒకే గీత; రెండు నియమాలు. ఏ నియమం ఎక్కడ వర్తిస్తుందో చెప్పేవారు లేరు. మార్కుల పట్టికలో ఉన్నవి రెండు వేరువేరు పరీక్షలు. ఒక్కొక్కటి 25 మార్కుల మొత్తం. రెండు మొత్తాలు చేరి 50 మార్కుల కొత్త మొత్తం ఏర్పడింది. భిన్నాల కూడికలో అట్లా కాదు. అక్కడ మొత్తం ఒక్కటే, దానిలోని ముక్కలను మాత్రమే పోగు చేస్తున్నాం. ఈ భేదాన్ని వివరించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు వెచ్చించని బడిలో, మార్కుల పట్టికను శ్రద్ధగా చూసే విద్యార్థే భిన్నాల కూడికలో తప్పు చేసే ప్రమాదం ఉంది!

భిన్నంలోని రెండు అంకెలూ ఒకే జాతివి కావు. పై అంకె లెక్కపెడుతుంది, కింది అంకె పేరు పెడుతుంది. ఆంగ్లంలో హారాన్ని డినామినేటర్ అంటారు. పేరు పెట్టడం అన్న అర్థం గల లాటిన్ ధాతువు నుంచి ఆ మాట పుట్టింది. న్యూమరేటర్ అన్నది లెక్కించడం నుంచి వచ్చింది. పాశ్చాత్యులు ఆ రెండు పనులనూ పారిభాషిక పదాలలోనే విడదీసి చెప్పారు. తెలుగు పాఠ్యపుస్తకాలలోని లవం, హారం అన్న మాటలు సంస్కృతం నుంచి వచ్చినవి. లవమంటే ముక్క, హారమంటే భాగించేది. ఎన్ని ముక్కలు అన్నది లవం. ఎన్నింటిగా భాగించగా వచ్చిన ముక్కలు అన్నది హారం. మూడు కొబ్బరికాయలకు రెండు కొబ్బరికాయలు చేర్చినప్పుడు ఐదు కొబ్బరికాయలు అంటారే గాని, పేరును కూడా రెట్టించి మరేదో కొత్త కాయను సృష్టించరు. మూడు ఎనిమిదో వంతులకు రెండు ఎనిమిదో వంతులు చేరిస్తే ఐదు ఎనిమిదో వంతులు. ఎనిమిదో వంతు అన్నది అక్కడ కొబ్బరికాయ వంటి పేరు మాత్రమే.

ఒకే హారం గల భిన్నాలను తెలుగు గణిత గ్రంథాలు సజాతి భిన్నాలు అంటాయి. ఎంత అందమైన మాట! ఒకే జాతికి చెందినవి కాబట్టి కలుస్తాయి. దీని వెనుక సుదీర్ఘమైన సంప్రదాయం ఉంది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, క్రీస్తుశకం 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమనే సంస్కృత గ్రంథం రచించాడు. అందులో భిన్నాల అధ్యాయానికి పేరు కళాసవర్ణ వ్యవహారం. చంద్రునికి పదహారు కళలు. కళ అంటే మొదట పదహారో వంతు. ఆ పేరే క్రమంగా ఏ వంతుకైనా చెల్లింది. సవర్ణమంటే ఒకే రంగు గలది. వంతులన్నింటినీ ఒకే రంగులోకి తేవడమే కళాసవర్ణం. రంగు కలిసిన తరువాత చేయవలసింది లెక్కపెట్టడమే. హారాలు వేరైన భిన్నాలను ఒకే హారానికి తెచ్చేందుకు మహావీరుడు నిరుద్ధమనే పేరుతో చెప్పిన ఉపాయమే నేటి విద్యార్థులు నేర్చే కనిష్ఠ సామాన్య గుణిజం.

ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. 11, 12 శతాబ్దాల నాటి ఆ రచన సారసంగ్రహ గణితమన్న పేరుతోనూ, జనవ్యవహారంలో పావులూరి గణితమన్న పేరుతోనూ ప్రసిద్ధికెక్కింది. మూలంలోని జైన ప్రసక్తులను మల్లన తన శైవాభిమానానికి అనుగుణంగా మార్చుకున్నాడు. కావ్యభాష రూపుదిద్దుకుంటున్న తొలి శతాబ్దాలలోనే తెలుగులో గణితం కూడా పద్యమైందన్న సంగతి సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోదగినది. 1150లో లీలావతి రచించిన భాస్కరాచార్యుడు, హారాలు సమానమైనప్పుడు అంశలను మాత్రమే కూడాలని లేదా తీసివేయాలని, హారం లేని సంఖ్యకు ఒకటిని హారంగా భావించాలని సూత్రీకరించాడు. చిన్న తరగతుల పిల్లలు నేడు నేర్చే పాఠం ఆ సూత్రంలో ఉంది. నాటి భారతీయులు లవాన్ని పైన, హారాన్ని కింద రాసేవారు గాని నడుమ గీత గీసేవారు కారు. అడ్డగీత అరబ్బు గణితవేత్తల వాడుక నుంచి వచ్చింది.

గ్రంథాల మాట అట్లా ఉంచి, ఊరి బడులలో ఏమి నేర్పేవారు? దీనికి ఒక విలువైన సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక సమర్పించాడు. ఈయన 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన పండితుడు కూడా. ఆనాటి బళ్లారి జిల్లాలోని 533 పాఠశాలలలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారని, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పేవారని ఆయన రాశాడు. గణితం విషయంలో ఆయన దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షించినది భిన్నాల బోధన. ఒకటి కంటే తక్కువైన వంతులను నేర్పడానికి ఆ బడులు ఎంతో శ్రమ తీసుకుంటాయని, ఆ వంతులు దశాంశాల వలె పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున దిగుతూ చాలా దూరం పోతాయని, ఎక్కాలతో పాటు వాటిని పిల్లలు రోజుకు రెండుసార్లు వరుసలలో నిలబడి వల్లిస్తారని నివేదించాడు. అదే నివేదికలో, పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా చిలకల వలె అప్పగిస్తారని కూడా ఆయన విమర్శించాడు. తెలుగు పండితులకు ఆ వాక్యం అంత రుచించదు గాని, కొట్టివేయదగినది కాదు.

పద్యం అర్థం కాకపోయినా వంతులు అర్థమయ్యేవనడానికి ఆధారం ఇంటి వాడుకలోనే ఉంది. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. నాలుగు కానులు అణా, నాలుగు అణాలు పావలా, నాలుగు పావలాలు రూపాయి. కొలతలో మానిక తూములో పదహారో వంతైతే, నాణెంలో అణా రూపాయిలో పదహారో వంతు. పదహారో వంతుకు తెలుగులో వీసమని మరో పేరు. అందులో వీసమెత్తు అబద్ధం లేదు అని నేటికీ అనేవారు, పదహారణాల తెలుగు అని మురిసేవారు తాము భిన్నాలు పలుకుతున్నామని అనుకోరు. పదహారింట పదహారు కలిస్తే ఒకటి అన్న గణిత సత్యమే ఆ రెండవ పలుకుబడి.

వీటిని రాసే పద్ధతి మరీ చమత్కారమైనది. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. వీసానికి ఒక అడ్డగీత, రెండు వీసాలకు రెండు, మూడు వీసాలకు మూడు. ఇంకా చిన్న వంతులకు మళ్లీ నిలువు గీతలు. ఇట్లా నిలువు, అడ్డం మారుతూ వంతులు దిగుతాయి. ఈ రాతలో సజాతి భిన్నాలను కూడటమంటే గీతలు లెక్కపెట్టడమే. ఒక నిలువు గీతకు రెండు నిలువు గీతలు చేరితే మూడు. ముప్పావు అన్న మాట నిర్మాణమే కూడికకు నిదర్శనం. మూడు వీసాలకు రెండు వీసాలు చేరిస్తే ఐదు. అందులో నాలుగు వీసాలు ఒక పావుగా పైమెట్టుకు పోతాయి, ఒక వీసం మిగులుతుంది. ఈ రాతలో హారం అంకెగా కనబడనే కనబడదు. కనబడని దానిని పిల్లలు పొరపాటున ఎట్లా కూడతారు? ఈ చిహ్నాలు వాడుక నుంచి తొలగినా, 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో వాటికి స్థానం లభించింది. కంప్యూటరులో ఉన్నాయి, తరగతి గదిలో లేవు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల పద్ధతి వచ్చింది. అణాలు, కానులు పోయాయి. తూములు, కుంచాల స్థానంలో మెట్రిక్ కొలతలు వచ్చాయి. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30తో చెలామణీ నుంచి తప్పుకున్నాయి. నాలుగు పావలాలను చేతిలో పేర్చి రూపాయి చేయడమన్నది నేటి పిల్లలకు అనుభవం కాదు. మిగిలినవి పావుకిలో, అరకిలో, అర్ధపావు. గడియారంలో పదింబావు, పదిన్నర. ఇవైనా మిగిలినందుకు సంతోషించాలి. దశాంశ పద్ధతి రావడం వల్ల వ్యవహారానికి కలిగిన సౌకర్యం తిరుగులేనిది. అయితే బడి వెలుపల ఉచితంగా లభించే భిన్నాల అభ్యాసం దానితో పాటు సన్నగిల్లింది. ఆ లోటును బడి పూరించవలసి ఉండగా, పూరించిన దాఖలాలు కనబడవు.

అంతమాత్రాన ఆ పాత వీధిబడులను ఆకాశానికెత్తడం సబబు కాదు. కాంబెల్ లెక్క ప్రకారం సుమారు తొమ్మిది లక్షల జనాభా గల జిల్లాలో చదువుకుంటున్నవారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది. గీతల భిన్నాలు ఎంత సొగసైనవైనా, అవి కొద్దిమంది సొత్తు. పైగా నాలుగేసి వంతుల పద్ధతికి ఒక సహజమైన పరిమితి ఉంది. ముగ్గురు అన్నదమ్ములు ఒక పుట్టి ధాన్యం పంచుకుంటే ఎవరి వంతునూ పావులలో, వీసాలలో కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. ఐదో వంతుకు, ఏడో వంతుకు ఆ రాతలో చోటు లేదు. అడ్డగీత కింద ఏ అంకెనైనా ఉంచగల నేటి పద్ధతి ఆ పరిమితిని దాటింది. దానిని వదులుకోవాలని ఎవరూ అనరు. దానిని ఎట్లా చదవాలన్నదే ఇక్కడి సమస్య.

నేటి తరగతులలో 3/8ని త్రీ బై ఎయిట్ అని చదువుతున్నారు. తెలుగు మాధ్యమంలో కూడా మూడు బై ఎనిమిది అనే అంటున్నారు. ఈ బై అన్న రెండక్షరాలు చేసే కీడు ఇంతా అంతా కాదు. మూడు ఒక అంకె, ఎనిమిది మరొక అంకె, నడుమ బై. అందులో ముక్క లేదు, వంతు లేదు, పేరు లేదు. దీనికి ఆంగ్లభాషను నిందించడం అన్యాయం. ఆంగ్లం తెలిసినవారు ఆ భిన్నాన్ని త్రీ ఎయిత్స్ అని చదువుతారు. ఎయిత్స్ అన్నది బహువచనం. మూడు మామిడిపండ్లు అన్నట్లే మూడు ఎనిమిదో వంతులు. కనుక భిన్నాల విషయంలో ఆంగ్ల మాధ్యమమా, తెలుగు మాధ్యమమా అన్న వాదం అప్రస్తుతం. రెండు భాషలలోనూ మంచి మాట ఉంది. రెండు మాధ్యమాలూ దానిని విడిచిపెట్టి అర్థం లేని మాటను పట్టుకున్నాయి.

తెలుగులో భిన్నాన్ని చదవడానికి మరొక తీరు కూడా ఉంది. ఎనిమిదింట మూడు వంతులు అన్నప్పుడు హారం ముందు వస్తుంది, లవం తరువాత వస్తుంది. వస్తువును ఎన్ని ముక్కలు చేశారో మొదట తెలుస్తుంది, వాటిలో ఎన్ని తీసుకున్నారో పిమ్మట తెలుస్తుంది. చీనా, కొరియా భాషలలోనూ ఇదే వరుస. ఎనిమిదింట మూడు, ఎనిమిదింట రెండు అని వరుసగా రెండుసార్లు పలికిన పిల్లల నోట ఎనిమిదింట ఐదు అన్నది దానంతట అదే వస్తుంది. పదహారింట ఐదు అని పలకడానికి నాలుక ఒప్పుకోదు. బడిలో భిన్నాల కూడిక మొదటి పాఠం రాతతో కాక, ఈ పలుకుతో ప్రారంభం కావాలి. ఒక వారం పాటు నల్లబల్ల మీద అడ్డగీత కనబడకపోయినా నష్టం లేదు.

అయితే ఈ పలుకుబడికీ ఒక ఇరుకుంది. ఎనిమిదింట ఐదుకు ఎనిమిదింట ఆరు కలిపితే ఏమవుతుంది? ఎనిమిదింట పదకొండు అంటే విన్నవారు నవ్వుతారు. ఎనిమిది ముక్కలలో పదకొండు ముక్కలు ఎక్కడివి? అపక్రమ భిన్నాల దగ్గర చాలామంది పిల్లలు తడబడటానికి ఇదే కారణం. అక్కడ వంతునే నామవాచకంగా వాడాలి. పదకొండు ఎనిమిదో వంతులు అనాలి. అప్పుడు ఎనిమిది వంతులు ఒక పూర్ణం కాగా మూడు మిగులుతాయి. అంగడి భాషలో ఇది కొత్త కాదు. ఐదు పావుల సరుకును ఒకటింబావు కిలో అనడం అందరికీ తెలిసినదే.

అనకాపల్లి సంతలో అమ్మే బెల్లపు దిమ్మలు ఆ ప్రాంతపు పిల్లలకు కొత్త కావు. ఒక దిమ్మను ఎనిమిది సమాన ముక్కలుగా కోసి మూడింటిని ఒక పళ్లెంలో, రెండింటిని మరో పళ్లెంలో ఉంచి, రెండు పళ్లాలనూ ఒక్కటి చేయమనవచ్చు. ముక్కలు ఐదైనాయి, ఏ ముక్కా చిన్నది కాలేదు. హారం ఎందుకు మారదో చెప్పడానికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ తరువాత రెండు వేరువేరు సైజుల దిమ్మలు తెచ్చి, పెద్దదానిలో సగం, చిన్నదానిలో సగం కలిపితే ఒక దిమ్మ అవుతుందా అని అడగాలి. కాదని పిల్లలే చెబుతారు. సజాతి అనడానికి హారాలు సమానమైతే చాలదు, మొత్తం కూడా ఒకటే కావాలన్న సూక్ష్మం అక్కడ తెలుస్తుంది. పాఠ్యపుస్తకాలలో ఈ ప్రశ్న అరుదు. మార్కుల పట్టిక చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే విడిపోతుంది.

చిన్న తరగతి పాఠాన్ని కళాశాల విద్యార్థులకు చెప్పడమేమిటని కొందరికి తోచవచ్చు. జూనియర్ కళాశాలలో గణితం చదివేవారు సంభావ్యతలో ఈ కూడికనే మళ్లీ ఎదుర్కొంటారు. పాచిక వేసినప్పుడు రెండు పడే సంభావ్యత ఆరింట ఒకటి. ఐదు పడే సంభావ్యత ఆరింట ఒకటి. ఈ రెండింటిలో ఏదో ఒకటి పడే సంభావ్యత ఆరింట రెండు. హారాలను కూడా కూడినవారికి పన్నెండింట రెండు, అనగా మళ్లీ ఆరింట ఒకటే వస్తుంది. రెండవ ముఖం ఉన్నా లేనట్లే. బీజగణితంలో హారం స్థానంలో ఎక్స్ ఉన్నప్పుడు ఇదే తప్పు కొత్త వేషంలో తిరిగి వస్తుంది. పదవ తరగతి తరువాత గణితం లేని గ్రూపు ఎంచుకునేవారిలో ఇష్టం కొద్దీ వెళ్లేవారు ఉన్నారు, భయం కొద్దీ వెళ్లేవారూ ఉన్నారు. ఆ భయానికి మొదలెక్కడని వెనక్కు వెళ్లి చూస్తే, చాలామంది విషయంలో అది భిన్నాల పాఠం దగ్గరే తేలుతుంది.

గణితం వదిలినవారిని భిన్నం వదలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానమైన జన్మహక్కు కల్పించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది, వివాహిత అవివాహిత భేదాన్ని తొలగించింది. చట్టం మార్చినది నిజానికి హారాన్ని. మునుపు ముగ్గురి మధ్య మూడింట ఒకటిగా ఉన్న వాటా, ఇద్దరు ఆడపిల్లలు చేరడంతో ఐదింట ఒకటి అయింది.

ఐదుగురు సమాన హక్కుదార్లు గల ఐదెకరాల కమతాన్ని తీసుకుందాం. అక్కచెల్లెళ్లు ఇద్దరూ తమ వాటాలను కలిపి ఒకేచోట సాగుచేసుకోదలచారు. ఐదింట ఒకటికి ఐదింట ఒకటి చేరిస్తే ఐదింట రెండు, అంటే రెండెకరాలు. పిల్లల నల్లబల్ల లెక్కలో అది పదింట రెండు అవుతుంది, అంటే ఒక ఎకరం. అన్నదమ్ములు, తండ్రి తమ మూడెకరాలను సరిగానే కొలుచుకున్నారనుకున్నా, లెక్కలోకి రాని ఎకరం ఇంకొకటి మిగిలిపోతుంది. కాగితం మీద అది ఎవరి పేరా ఉండదు. పొలంలో మాత్రం దానిని ఎవరో ఒకరు దున్నుకుంటూనే ఉంటారు.